జానెడు సందు

కెమెరా ఆన్ చెయ్యమని టీమ్ లీడర్ కిశోర్ రెండోసారి అడిగాక అంబిక ఆన్ చేసింది. తెర మీద చిన్న గడిలో తన ముఖం వచ్చింది. తల దువ్వుకుని, బొట్టు పెట్టుకుని, ఏమీ జరగని ఇంట్లోంచి వచ్చి కూర్చున్నదాని ముఖం. ముఖానికి ఎంత సులువు, అనుకుంది. చెవులకే కష్టం. ఎడమ చెవి మీద హెడ్‌ఫోన్ ఉంది. కుడి చెవి మీదిదాన్ని జుట్టు సర్దుకుంటున్నట్టు వెనక్కి నెట్టింది. ఎడమ చెవిలో బెంగుళూరు, కుడి చెవిలో అత్తగారి ఊరు సాదలి. ఎడమవైపు ఎవరో మధ్యాహ్నం తిన్న బిర్యానీ గురించి చెబుతున్నారు, ఇంకెవరో నవ్వుతున్నారు. కుడివైపు, గోడకు అవతల పురుగుల ఇంట్లో, అత్త తిమ్మక్క ఒక్కొక్క తట్టే దించి నేల మీద పెడుతోంది. వెదురు తట్ట నేలకు తగిలినప్పుడల్లా మెత్తటి చప్పుడు. పొద్దుటినుంచీ దించుతూనే ఉంది. ఒక్కో జ్వరానికీ మేత మాని పడుకుని, పాత చర్మం విడిచి లేస్తూ, నాలుగో జ్వరం కూడా దాటి, రాత్రీ పగలూ ఆకు మేసి వేలంత లావైన పట్టుపురుగులు. ఇంకొన్నాళ్లాగితే పండి గూళ్లు కట్టేవి. ఈ ఉదయం అవి తలలు పైకెత్తి, పచ్చటి నీళ్లు కక్కుకుని, మెలికలు తిరిగి పడి ఉన్నాయి. మందు గాలి తగిలింది, అంది తిమ్మక్క చూసిన మరుక్షణమే. ఎవరి మందు అని ఎవరూ అడగలేదు. గట్టుకు ఆ పక్క బయ్యప్ప టమోటా తోట. అత్త వెనక నిలబడి అంబిక కూడా తల ఊపింది. మందు బయ్యప్ప తోటలోంచి రాలేదని తెలిసిన తల ఆ ఇంట్లో అదొక్కటే. అదే ఊగింది.

“అందరూ వచ్చినట్టేనా? మొదలుపెడదామా?” అన్నాడు కిశోర్. నెలకోసారి ఈ గంట ఉంటుంది, తప్పించుకోవడానికి లేదు. అంబిక పని వినడం. ఆన్‌లైన్‌లో సామాన్లు అమ్మే ఒక కంపెనీకి జనం ఫోన్లు చేసి అరుస్తారు, ఏడుస్తారు, బతిమాలుకుంటారు. ఆ ఫోన్లు ఎత్తే పిల్లలు జవాబు చెబుతారు. ఆ మాటలన్నీ రికార్డయి అంబిక చెవిలోకి వస్తాయి, ఆమె మార్కులు వేస్తుంది. నమస్కారం చెప్పారా, పేరు పెట్టి పిలిచారా, మధ్యలో మాట లేకుండా ఖాళీ వదిలేశారా, సారీ చెప్పారా. సారీకి విడిగా మార్కులున్నాయి. చెప్పినందుకు కొన్ని, మనసులోంచి చెప్పినందుకు కొన్ని. మనసులోంచి వచ్చిందని ఎలా తెలుస్తుంది మేడం అని కొత్తగా చేరిన అమ్మాయి అడిగినప్పుడు అంబికే చెప్పింది: సారీకి ముందు ఊపిరి వినండి, ఊపిరి లేకుండా వచ్చే సారీ నోటికి అలవాటైపోయినది. ఎంత బాగా చెప్పావు అన్నారందరూ. అప్పటినుంచీ సారీ దగ్గర తేడా వస్తే అంబికనే అడుగుతారు. ఈ గంటలో అందరూ ఒకే కాల్ వింటారు, ఎవరికి వాళ్లు మార్కులు వేస్తారు, ఎందుకు వేశారో చెబుతారు. ఒకరి చెవికీ ఇంకొకరి చెవికీ తేడా ఉండకూడదని. తేడా ఉండకూడదట. గోడకు ఇవతల వినేదీ అవతల వినేదీ ఒకటే కావాలట.

గోడ. ఇది అసలు గది కాదు, పురుగుల ఇంటికి తూర్పు కొస. కరోనా వచ్చి ఆఫీసు అందరినీ ఇళ్లకు పంపినప్పుడు ఆమె చింతామణిలో పుట్టింట్లో మంచం మీద కూర్చుని పని చేసేది. అప్పుడే ఈ సంబంధం వచ్చింది. ఇంటినుంచే పని గదా, ఆ ఇల్లు యాడుంటే ఏమి, అన్నాడు సంబంధం తెచ్చినాయన, కాఫీ లోటా కింద పెడుతూ. ఆ మాట ఆమెకు నచ్చింది కూడా. ఎక్కడైనా చెయ్యగల పని అంటే తనకు దొరికిన స్వేచ్ఛ అనుకుంది. ఎక్కడైనా పెట్టగల వస్తువు తనే అని అప్పుడు తోచలేదు. సాదలికి వచ్చి చూస్తే ఇంట్లో సిగ్నల్ నిలవదు. పురుగుల ఇంటి కొసలో మాత్రం బాగా వస్తుంది. నాగేశ్ సిమెంటు ఇటుకలతో అడ్డగోడ లేపించి, తలుపు పెట్టించి, టేబుల్ వేసి, “ఇదో, నీ ఆఫీసు,” అన్నాడు. ఎంత ముచ్చటపడ్డాడో. భార్యకు ఆఫీసు కట్టించిన మగవాడు ఊళ్లో ఇంకెవడున్నాడు. గోడ కప్పు దాకా కట్టొద్దంది తిమ్మక్క, పురుగులకు గాలాడల్ల అంది. పైన జానెడు సందు వదిలారు. ఆ నాగేశే ఇప్పుడు ప్లాస్టిక్ కవర్లో చచ్చిన పురుగులు వేసుకుని శిడ్లఘట్టకు పోయాడు, ఎవరైనా తెలిసినవాళ్లకు చూపించి అడుగుదామని. ఏ మందో తేలితే బయ్యప్ప ముందర పెట్టొచ్చని. పోయే ముందు ఈ తలుపు దగ్గర ఆగి, “నువ్వు కంగారు పడొద్దు, నీ మీటింగు చూసుకో,” అన్నాడు.

ఆ సందులోంచి గాలే కాదు, సద్దు కూడా వస్తుంది. వేల నోళ్లు ఒకేసారి ఆకు కొరికే సద్దు. మొదట్లో ఎవరో దూరంగా కాగితాలు నలుపుతున్నారనుకునేది. కొన్నాళ్లకు పక్కగదిలో నలుగురు కూర్చుని తన గురించే ఆపకుండా గుసగుసలాడుకుంటున్నట్టు అనిపించేది. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ఆగదు, దాని కిందినుంచి వస్తుంది. విచిత్రం ఏమిటంటే మీటింగుల్లో అది ఎవరికీ వినబడదు. మనిషి గొంతు ఉంచి మిగతా చప్పుళ్లన్నీ ఏరి పారేసే సాఫ్ట్‌వేర్ ఉంది. మీ ఊరు ఎంత ప్రశాంతం అంబికా, మా వీధిలో చూడు ఒకటే హారన్లు, అంటారు వాళ్లు. ఆమె నవ్వుతుంది. తనకు వినబడేది ఇంకెవరికీ వినబడకపోతే అది నిజంగా బయట ఉన్నట్టేనా అని ఒక్కోసారి లేచి గోడ మీద అరచెయ్యి ఆనించి చూసేది. గోడ అదరదు. కానీ వస్తూనే ఉంటుంది. దాని మధ్యలోంచి ఆ సందులోంచే అత్త గొంతు: “అమ్మా అంబికా, ఫోన్లో మాట్లాడేది అయ్యిండాదా? రెండు తట్టలకు సొప్పేసి పో. ఇంట్లోనే గదా ఉండావు.” ఇంట్లోనే గదా. ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు, అదే బాధ. ఒక కాల్‌కూ ఇంకో కాల్‌కూ మధ్య పోయి మల్బరీ ఆకు వేసి వచ్చేది. గోళ్ల కింద పచ్చరంగు, ఆ వేళ్లతోనే సారీలకు మార్కులు. ఆఫీసువాళ్ల లెక్కలో ఆమె ఆఫీసులో ఉంది, ఇంటివాళ్ల లెక్కలో ఇంట్లో ఉంది, రెండు లెక్కలూ సరిపోయాయి. ఆమెకే తను ఎక్కడుందో తెలిసేది కాదు.

చెప్పులు విడిచిన చప్పుడు. పెద్దవాడి అడుగు, కొంచెం ఈడ్చి వేసేది. బయ్యప్ప వచ్చాడు.

“ఏం తిమ్మక్కా, పిలిపించినావంట.”

“రా అప్పా, రా. కండ్లుండాయి గదా, చూడు. చూసి నువ్వే చెప్పు.”

చాలాసేపు ఏమీ వినబడలేదు. మాట లేకుండా వదిలేసిన ఖాళీ. దీనికి మార్కులు తగ్గిస్తారు, అనుకుంది అంబిక, వెంటనే సిగ్గుపడింది. ఎడమ చెవిలో కిశోర్ ఈ నెల కాల్ గురించి ఏదో చెబుతున్నాడు. కుడి చెవిలో బయ్యప్ప గొంతు బొంగురుగా లేచింది. “నేను మందు కొట్టలేదు గదక్కా. కొడితే చెప్పనా?”

“నేనూ అదే అడుగుతాండా. ఇన్నేండ్లు గేటు కాడ నిలబడి ఊరంతా వినేతట్ల అరిచి చెప్పినోనివి, ఈ తూరి నీ నాలుకకేమొచ్చె? నీ టమోటాకు పురుగు పట్టకూడదని నా ఇంట్లో పురుగును సంపితివి గదప్పా. బలే న్యాయము!”

అరిచి చెప్పేవాడు, నిజమే. మందు కొట్టే ముందురోజు సాయంత్రం గేటు దగ్గర నిలబడి, లోపలికి అడుగు పెట్టకుండా, తిమ్మక్కా, రేపు మందు కొడతాండా, గట్టు పక్క సొప్పు కొయ్యొద్దు, అని కేక వేసి పోతాడు. ఒకసారి ఆ కేక అంబిక మీటింగులో కూడా పడింది, సాఫ్ట్‌వేర్ ఆ గొంతును తీసెయ్యలేకపోయింది, అందరూ ఒకటే నవ్వు. టమోటా పెట్టినవాళ్లకూ పురుగు పెంచేవాళ్లకూ మధ్య ఈ ఊళ్లో అది కట్టుబాటు. చెప్పకుండా కొట్టినవాడితో మాటలుండవు. పొలాల మీద నడిచేటప్పుడు పలకరింపులుండవు. తిమ్మక్క మల్బరీకి పారేది బయ్యప్ప బోరు నీళ్లే, మామగారు ఉన్న రోజులనుంచీ, అడగకుండానే. ఒక్క మాటతో అదంతా పోతుంది. ఆయనది ఇంకా ఎక్కువే పోతుంది. మందు కొట్టి చెప్పని బయ్యప్ప అని ఒకసారి పేరు పడితే చచ్చేదాకా ఆ పేరే ఉంటుంది. ఇదంతా ఆమెకు తెలుసు. నాలుగేళ్లో అయిదేళ్లో పురుగుల ఇంట్లో బతికినవాళ్లకు తెలియకుండా ఎలా ఉంటుంది.

తెలియకుండా ఎలా ఉంటుంది. ఆమె మనసు ఆ మాట దగ్గరికి వచ్చి, కాలికి ముల్లు తగిలినట్టు పక్కకు జరిగింది. మరిచిపోయాను. అంతే. నిన్న సాయంత్రం షిఫ్టు, వానలు పడ్డాక దోమలు, ఏమీ ఆలోచించకుండా పెట్టాను. పోయిన వారం టీమ్ మీటింగులో ఆమె రెండు చేతులతో దోమను కొడుతుంటే, ఏమిటి అంబికా, మాకందరికీ చప్పట్లా, అన్నాడు కిశోర్. నవ్వారు. తనూ నవ్వింది. నవ్వుతూ తెరమీద తన ముఖం చూసుకుంటే బుగ్గ మీద ఎర్రటి దద్దురు. ఆదివారం చింతామణి పోయినప్పుడు నాయన దుకాణంలోంచి ఆ సీసా తీసుకుంది, ప్లగ్గుకు తగిలించే దోమల మందు. నాయనది ఫ్యాన్సీ దుకాణం. పౌడర్లు, అత్తర్లు, తలనూనెలు, ఊదుబత్తులు, కలరా ఉండలు. ఆమె పుట్టి పెరిగింది ఆ వాసనల్లో. బళ్లో పక్కన కూర్చునే పిల్లలు నీ పుస్తకాలు కూడా మల్లెపూల వాసనే అనేవాళ్లు. ఈ ఇంట్లో అడుగు పెట్టిన మొదటి వారంలో తిమ్మక్క ఆమె దగ్గరికి వచ్చి, భుజం దగ్గర వాసన చూసి, కోపమేమీ లేకుండా, “పౌడరేసుకున్నావా తల్లీ? పోయి నీళ్లు పోసుకోని రా, పురుగుకు ఆగదు,” అంది. అప్పటినుంచీ పౌడర్ లేదు, అత్తరు లేదు, సాంబ్రాణి లేదు. పురుగులున్న నాళ్లు తాళింపు కూడా దూరంగా వెయ్యాలి. ఇంకెవరూ బలవంతం చెయ్యలేదు, పురుగుకు ఆగదు, అంతే. ఎవరి మీదా కోపం తెచ్చుకోవడానికి లేదు. పురుగు మీద కోపం తెచ్చుకోవడం ఏమిటి. ఒకసారి నాగేశ్ ఆమె మెడ మీద ముఖం ఆనించి, నీకు అసలు వాసనే లేదే అన్నాడు, మెచ్చుకోలుగానే. ఆ రాత్రి ఆమె చాలాసేపు తన చెయ్యి తనే వాసన చూసుకుంది. తడి ఆకు వాసన.

సీసా తీసుకుంటుంటే నాయన అడిగాడు. ఇది ఇంతసేపూ ఆమె గుర్తు చేసుకోలేదు, ఇప్పుడే వచ్చింది, ఎవరో తలుపు తోసుకుని వచ్చినట్టు. గల్లా మీద మోచెయ్యి పెట్టి, కళ్లద్దాలు పైకి నెట్టి నాయన అన్నాడు: “ఇది మీ ఇంట్లో వాడొచ్చునా అమ్మా? పురుగులుండాయి గదా?” ఆమె తడుముకోలేదు. “మా గది వేరే నాయనా,” అంది. ఎంత చక్కగా వచ్చింది ఆ మాట, ఊపిరి కూడా తీసుకోకుండా. అయితే మరిచిపోలేదన్నమాట. సరే, ఆదివారం తెలుసు, సోమవారం మరిచింది. అలా జరగదా? జరుగుతుంది. మనిషి మనసు. కానీ నిన్న ప్లగ్గుకు తగిలించే ముందు లేచి తలుపు వేసింది. ఎప్పుడూ వెయ్యని తలుపు, గాలి కోసం తెరిచి ఉంచేది. మరిచిపోయినవాళ్లు తలుపు వేస్తారా? వేసి, స్విచ్ నొక్కి, తల పైకెత్తి సందువైపు చూసింది. చూడలేదు అనుకుందామనుకుంది, కానీ ఆ సందు ఇప్పుడు కళ్లముందు ఉంది, నిన్న సాయంత్రపు వెలుతురుతో సహా, అటువైపు బల్బు పసుపుదనం, ఇటుక అంచున ఒక సాలెగూడు ఊగుతూ. సాలెగూడు ఏ వైపుకు ఊగుతోందో కూడా చూసింది. అటువైపుకే. ఎక్కువసేపు కాదు, ఒక గంట, అనుకుంది. చిన్న సీసా. ఏం కాదు. ఏం కాదు అనుకున్నది ఎవరు? ఒకవేళ అయితే, అనుకున్నది ఎవరు? రెండూ ఒకే గొంతుతో అన్నాయి, తన గొంతుతోనే. ఏది ముందు అన్నదో ఎంత విన్నా తేలడం లేదు. రికార్డింగ్ ఉంటే బాగుండు. వెనక్కి జరిపి, నెమ్మదిగా మళ్లీ వినేది.

ఇంతకన్నా లోపల ఇంకొకటి ఉంది, దాని దగ్గరికి పోవద్దనుకుంటే కాళ్లు అటే పోతున్నాయి. పొద్దున్నే మెలకువ వచ్చింది. కళ్లు తెరవలేదు. ఏదో మారింది, ఏమిటో తెలియలేదు. తల లోపల ఎవరో గిన్నెలన్నీ సర్దేసి దీపమార్పి వెళ్లిపోయినట్టుంది. పక్షి ఒకటి అరిచింది, దాని తర్వాత నిశ్శబ్దం, ఆ నిశ్శబ్దం చివరిదాకా నిశ్శబ్దమే. ఎంత హాయిగా ఉంది, అనుకుంది. పెళ్లయి వచ్చాక ఇంత హాయి ఎరగదు. దుప్పటి గడ్డం దాకా లాక్కుని, మోకాళ్ల మధ్య చేతులు పెట్టుకుని, చిన్నపిల్లలా ముడుచుకుని పడుకుంది. సద్దు లేదు. ఆ తర్వాతే, ఆ తర్వాతే, సద్దు ఎందుకు లేదు అన్న ఆలోచన వచ్చింది. హాయి ముందు వచ్చింది. దాన్ని ఎవరూ చూడలేదు. ఏ కెమెరాలోనూ లేదు. బయటినుంచి తిమ్మక్క కేక వినబడేలోపు, రాత్రంతా ప్లగ్గుకే ఉండిపోయిన సీసా తీసి, స్నానానికి నీళ్లు కాగే పొయ్యిలో వేసేసింది. కాలిపోయింది. ఇప్పుడు ఆ సీసా ఎక్కడా లేదు, ఆమె లోపల తప్ప.

“వింటున్నారా అందరూ? ప్లే చేస్తున్నా,” అన్నాడు కిశోర్. ఎడమ చెవిలో ఒక పెద్దావిడ, కూతురి సీమంతానికి తెప్పించిన చీర రాలేదని, వచ్చిందని రాశారని, మనుషులేనా మీరు అని. తర్వాత ఒక అబ్బాయి గొంతు, నున్నగా: మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం మేడం. మళ్లీ ఆవిడ. మళ్లీ చింతిస్తున్నాం మేడం. అంబిక చూపుడువేలు అలవాటుగా మౌస్ మీద కదిలింది. కుడి చెవిలో తట్ట దించిన చప్పుడు ఆగింది. బయ్యప్ప కింద కూర్చున్నట్టున్నాడు, గొంతు నేల దగ్గరినుంచి వస్తోంది.

“అక్కా, ఒగ మాట. మొన్న చెరువు కింద తోటకు కొట్టొచ్చినా. ఈడ కొట్టలేదు, దేవుని తోడు. అయితే ఆ క్యాను...” ఆగాడు. అంబిక ఊపిరి పట్టింది. “ఆ క్యాను మన తొట్టి కాడ కడిగినా. తొట్టిలో కాదు, పక్కన రాయి మీద. ఆ నీళ్లు కాలవలో కలిసి నీ సొప్పుకు పోయినాయేమో. అప్పుడు నాకు తోచలేదు. రాత్రంతా... లేదులే, పొద్దున నీ మనిషి వచ్చి చెప్పినప్పటినుంచీ అదే తిరుగుతాండాది తలకాయలో. నా వల్లనే అయ్యుంటాది.” ఊపిరి తీసుకున్నాడు. గోడకు ఇవతలికి వినబడేంత పెద్ద ఊపిరి, మధ్యలో ఒకచోట తెగింది. “తప్పయ్యిందక్కా.”

“తొట్టి కాడనా! నీ తెలివికి మన్ను బొయ్య! తొట్టి కాడ ఎవుడన్నా కడుగుతాడాప్పా?”

“సాయంత్రం పాల డైరీ కాడ అందరుంటారు గదా. నేనే చెప్తాలే, నా తప్పని. నువ్వేమీ అనుకోబాకు.”

చేయనిదానికి ఇంత నిజంగా ఎలా చెప్పగలిగాడు. ఎన్నో వేల సారీలు విన్న చెవికి ఇలాంటిది ఒక్కటీ తగల్లేదు. ఆయన తన లోపల వెతుక్కున్నాడు, చీకట్లో చేత్తో తడిమినట్టు, దొరికినదాన్ని తెచ్చి అత్త ముందు పెట్టాడు. తను వెతకలేదు, అక్కడే ఉన్నదాన్ని చూడలేదు. ఇప్పుడు నోరు మూసుకుని కూర్చుంటే చాలు. అన్నీ సర్దుకుంటాయి. ఆయన ఒప్పుకుంటాడు, అత్త నాలుగు రోజులు తిట్టి ఊరుకుంటుంది, నాగేశ్ కవరుతో తిరిగొచ్చి అవునంట, మందేనంట అంటాడు. తను ఏమీ అబద్ధం చెప్పక్కర్లేదు కూడా. కూర్చుంటే చాలు. ఇంట్లోనే గదా.

“అంబికా,” అన్నాడు కిశోర్. “సారీకి మీరు ఎంత వేశారు?”

ఆమె మైక్ తెరిచింది. “పూర్తి మార్కులు,” అంది.

ఎవరో కిసుక్కున నవ్వారు. “ఫుల్లా? మీరా? పేపర్ చూసి చదివినట్టుంది కదా అంబికా, ఊపిరే లేదు.” తెర మీది గడులన్నీ తనవైపే చూస్తున్నట్టు అనిపించింది. తన గడిలో ఉన్న ముఖం ఇంకా బాగానే ఉంది, బొట్టు కూడా చెదరలేదు. దానిమీద ఆమెకు అసహ్యం వేసింది. హెడ్‌ఫోన్ తీసి కీబోర్డు మీద పెట్టింది. కెమెరా ఆపాలని గుర్తు రాలేదు. కుర్చీ వెనక్కి జరిపి, తలుపు తీసి, గోడ చుట్టూ తిరిగి పురుగుల ఇంట్లోకి వెళ్లింది.

ఇద్దరూ నేల మీద ఉన్నారు. తిమ్మక్క చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, తట్టలోంచి చచ్చినవాటిని గంపలోకి ఏరుతోంది. బయ్యప్ప కూడా ఏరుతున్నాడు, తువ్వాలు మోకాలి మీద పెట్టుకుని, ఒక్కొక్కటే, వాటికి నొప్పి కలుగుతుందేమో అన్నట్టు.

“అత్తా,” అంది. “బయ్యప్ప మామ తప్పేం లేదు. రాత్రి దోమల మందు పెట్టింది నేను. ఆ గదిలో.”

తిమ్మక్క తలెత్తింది. బయ్యప్ప కూడా. ఆయన ముఖం మీదికి మెల్లగా నవ్వు వచ్చింది, ముసలి, అలసిన, మంచి నవ్వు. “చూడక్కా. నన్ను కాపాడనీక చెప్తాంది పాప. వద్దు తల్లీ, ఊరుకో. నీ మనసు నాకు తెలిసింది, చాలు.” చెయ్యి చాచి ఆమె తల మీద పెట్టబోయాడు.

“మనింట్లో దోమల మందు యాడిది?” అంది తిమ్మక్క. “పోమ్మా, పోయి నీ మీటింగు చూసుకో. పెద్దోళ్ల మాటల్లోకి నువ్వు రావద్దు.”

వాళ్లు మళ్లీ తట్ట మీదికి వంగారు. చెప్పేసింది. చెప్పిందని తనకు తెలుసు. నిజం చెప్పినా అది మంచితనంలో జమ అయింది, ఇంక వెళ్లిపోవచ్చు. ఇంతకన్నా తేలిగ్గా ఎవరినీ ఎప్పుడూ ఎవరూ వదిలిపెట్టి ఉండరు. ఆమె కాళ్లు వెనక్కి ఒక అడుగు వేశాయి కూడా. ఒక పురుగు ఇంకా కొనవూపిరితో తల అటూ ఇటూ ఆడిస్తోంది, గూడు కట్టుకునేముందు దారం వెయ్యడానికి చోటు వెతికినట్టే. బయ్యప్ప దాన్ని ఏం చెయ్యాలో తెలియక అరచేతిలో పెట్టుకుని చూస్తున్నాడు.

“చింతామణి నుంచి తెచ్చినా,” అంది. “ఆదివారం, మా నాయన అంగట్లోంచి. పొద్దున నీళ్ల పొయ్యిలో కాల్చేసినా.”

బయ్యప్ప నవ్వు అలాగే ఉంది గానీ దాని వెనక ఎవరూ లేరు. తిమ్మక్క చేతిలోని పురుగులు గంపలో వేసి, అరచేతులు చీరకు తుడుచుకుంది. చాలాసేపు తుడుచుకుంది. పైన అడ్డగోడ అంచుకు చూసింది, మళ్లీ కోడలి ముఖంలోకి. గొంతు తగ్గించి, బతిమాలుతున్నట్టు అడిగింది: “మరిచిపోయి పెట్టినావు గదమ్మా? ఏదో పరధ్యానంలో. మరిచి పెట్టింటావు.”

ఆ మాట పట్టుకుంటే చాలు. అత్తే అందిస్తోంది, ఆమెకు కావాల్సిందీ అదే. బయ్యప్ప కూడా అదే వినాలని చూస్తున్నాడు. అవును అంటే ముగ్గురూ ఏడవొచ్చు. అంబిక ఊపిరి తీసుకుంది.

“లేదత్తా. తెలిసే పెట్టినా.”

బయ్యప్ప అరచేతిలోదాన్ని గంపలో కాకుండా, మిగిలిన ఆకు మీద పెట్టాడు. మోకాలి మీద చెయ్యి ఊని లేచాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. ఆమె వైపు చూడలేదు. గుమ్మం దగ్గర చెప్పుల కోసం కాలితో వెతుకుతుంటే తిమ్మక్క వెనకనుంచి, “బయ్యప్పా, నోరు జారినానప్పా,” అంది. “ఉండనీలే అక్కా,” అన్నాడు, వెళ్లిపోయాడు. ఆయన అడుగు ఈడ్చుకుంటూ గేటు దాకా పోవడం ఇద్దరూ విన్నారు.

“ఎందుకమ్మా?” అంది తిమ్మక్క. అరవలేదు. అరుస్తుందని అంబిక ఎదురుచూసింది, అరిస్తే బాగుండేది.

“ఆ సద్దు,” అంది. అంతకన్నా మంచి మాట లేదు, వెతికింది, లేదు. “ఒక్క రాత్రి ఆగితే చాలనిపించింది.”

తిమ్మక్క తట్ట ముందుకు లాక్కుంది. ఒకటి ఏరింది, ఇంకొకటి ఏరింది. కోడల్ని పొమ్మనలేదు, కూర్చోమనలేదు.

“నాకూ అనిపిస్తాది,” అంది చివరికి, తట్టలోకి చూస్తూనే. “ఈ ఇంటికొచ్చిన్నాటినుంచీ. ప్రతి పంటకూ అనిపిస్తాది.” చేతిలోదాన్ని గంపలో వేసింది. “నేను పెట్టలేదు.”